కుక్క కంటికి రక్షణ అద్దాలు: అవసరం తేల్చుకోవడం నుంచి అలవాటు చేసేదాకా

కుక్కకు నల్లద్దాలు తొడిగి తీసిన ఫొటో చూస్తే ఎవరికైనా ముందు నవ్వే వస్తుంది, అయితే ఆ వస్తువు వేడుక కోసం పుట్టినది కాదు. కాలిఫోర్నియాలో ఒక దంపతులు తమ బోర్డర్ కోలీ ఎండలో ఆడేటప్పుడు కళ్లు చికిలించడం గమనించి, మనుషులు ఆటల్లో వాడే గాగుల్స్‌ను దాని తలకు సరిపడేలా మార్చి తొడిగారు. 1997లో మొదలైన ఆ ప్రయత్నమే 'డాగుల్స్' పేరుతో బజారులోకి వచ్చింది. తర్వాత ఇరాక్ ఇసుకగాలుల్లో పనిచేసిన అమెరికా సైన్యపు కుక్కలకూ అలాంటివి తొడిగారు. వయోమింగ్ రాష్ట్రపు మంచుకొండల్లో కంటిజబ్బు వచ్చిన పెంపుడు కుక్కల కోసం 'రెక్స్ స్పెక్స్' అనే మరో రకం వచ్చింది. అంటే ఇది ఎండ, దుమ్ము, ముల్లు, మంచు వంటి ఏదో ఒక నిర్దిష్టమైన ఇబ్బంది నుంచి కాపాడే పనిముట్టు. ఆ ఇబ్బంది మీ కుక్కకు లేకపోతే ఈ అద్దాలూ అక్కర్లేదు. ఉంటే మాత్రం సరైన జత ఎంచుకోవడానికి ఒక రోజు, దాన్ని అలవాటు చేయడానికి కొన్ని వారాలు కేటాయించుకోవాలి. అద్దాలు కొన్న చాలామంది ఇళ్లలో అవి మూలన పడి ఉండటానికి కారణం ఈ రెండో లెక్క వేసుకోకపోవడమే.

మొదటి మెట్టు: అవసరం ఉందో లేదో తేల్చుకోవడం

కుక్క కంటికి ప్రకృతి ఇచ్చిన కాపలా తక్కువేమీ కాదు. పై రెప్ప, కింది రెప్ప కాక, ముక్కు వైపు మూలలో మూడో రెప్ప ఉంటుంది. అది కన్నీటిని గుడ్డంతా పరుస్తూ, నలుసు పడితే అడ్డంగా జారి వచ్చి కప్పుతుంది. కంటిపైన ఉండే పొడవాటి మీసాల వంటి వెంట్రుకలకు ఏదైనా తగిలితే చాలు, రెప్ప తనంతట తానే మూసుకుంటుంది. ఉదయం, సాయంత్రం వీధిలో అరగంట నడిచి వచ్చే కుక్కకు ఈ ఏర్పాటు సరిపోతుంది.

అతినీలలోహిత కిరణాల విషయంలో మాత్రం దాని కన్ను మన కంటి కన్నా భిన్నమైనది. పెద్దవాళ్లలో కంటిలోని కటకం ఆ కిరణాలను దాదాపుగా ఆపేస్తుంది. 2014లో వెలువడిన ఒక బ్రిటిష్ పరిశోధన ప్రకారం కుక్క కటకం అతినీలలోహిత-ఏ కిరణాల్లో సుమారు 61 శాతాన్ని లోపలికి వదులుతుంది. దీన్నిబట్టి ప్రతి కుక్కా ఎండకు గుడ్డిదవుతుందని అనుకోనక్కర్లేదు, ఎందుకంటే వేల ఏళ్లుగా అవి ఎండలోనే బతుకుతున్నాయి. కంటిజబ్బు ఉన్న కుక్క విషయంలో మాత్రం ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

ఆ జబ్బుల్లో ముందుగా చెప్పుకోవలసింది పానస్. శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే పొరబడి నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, అంటే కార్నియా మీద దాడి చేయడం వల్ల ఇది వస్తుంది. మన ఊళ్లలో విరివిగా పెంచే జర్మన్ షెపర్డ్ జాతిలో ఇది ఎక్కువ. గ్రేహౌండ్, బోర్డర్ కోలీ జాతుల్లోనూ కనిపిస్తుంది. సాధారణంగా నడివయసులో, కంటి బయటి అంచు నుంచి గులాబీరంగు పొర ఒకటి సన్నని రక్తనాళాలతో నల్లగుడ్డు మీదికి పాకుతూ వస్తుంది, క్రమేణా అక్కడ నల్లని మచ్చ ఏర్పడుతుంది, పట్టించుకోకపోతే చూపు పోతుంది. పెద్దగా నొప్పి ఉండదు కాబట్టి కుక్క కన్ను రుద్దుకోదు, అందువల్లనే ఇంట్లోవాళ్లు ఆలస్యంగా గమనిస్తారు. అతినీలలోహిత కిరణాలు ఈ జబ్బును ముదరబెడతాయి. ఎత్తైన ప్రాంతాల్లో ఇది మరింత తీవ్రంగా ఉండటానికి అదే కారణం: ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు ఆ కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది, తాజా మంచు వాటిలో 80 శాతం దాకా తిరగకొడుతుంది. సముద్రమట్టానికి దాదాపు 1600 మీటర్ల ఎత్తున ఉన్న డెన్వర్ వంటి నగరాల్లో స్థిరపడి షెపర్డ్‌ను పెంచుకుంటున్న తెలుగు కుటుంబాలు, హైదరాబాదులో ఉన్నవారి కన్నా ఈ విషయంలో ఎక్కువ జాగ్రత్తపడాలి. పానస్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు. జీవితాంతం చుక్కలు వేస్తూ అదుపులో పెట్టుకోవాలి. అద్దాలు ఆ చుక్కలకు తోడు మాత్రమే, వాటికి బదులు కావు.

రెండో అవసరం ముళ్లది. పొలం గట్ల వెంట, చెరువు కట్టల మీద సర్కారు తుమ్మ పొదల్లో దూసుకుపోయే కుక్కకు కార్నియా గీసుకుపోవడం అరుదు కాదు. మూడోది కారం. మిరప కల్లాల దగ్గర కాయలు ఆరబోసి తిరగేస్తున్నప్పుడు లేచే ఘాటుకు మనుషులే ముఖానికి తువ్వాలు చుట్టుకుంటారు, అక్కడ కాపలా ఉండే కుక్కకు ఆ సదుపాయం లేదు. నిజం చెప్పాలంటే ఆ నాలుగు రోజులూ కుక్కను కల్లానికి దూరంగా కట్టేయడమే అద్దాల కన్నా మేలు. హోలీ రంగులకూ ఇదే మాట వర్తిస్తుంది.

నాలుగోది వాహనం. కారు కిటికీలోంచి తల బయటపెట్టిన కుక్క కంటికి ఎదురుగాలిలో వచ్చే పురుగు, ఇసుక రేణువు రాయిలా తగులుతాయి. ఇక్కడ సరైన పరిష్కారం కిటికీ మూడు వంతులు మూసి ఉంచడం. స్కూటీ ముందు కాళ్ల దగ్గర కుక్కను నిలబెట్టుకొని, దానికి అద్దాలు కూడా పెట్టి తీసుకెళ్లే వారు కనిపిస్తూనే ఉంటారు. సడన్ బ్రేక్ వేస్తే కిందపడే కుక్కను అద్దాలు ఏ విధంగానూ కాపాడలేవు.

ఇక ఈ అద్దాలు నప్పని కుక్కలు. పగ్, షీట్జూ, పెకినీస్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ వంటి చప్పిడి ముఖం జాతుల్లో కంటిగుంట లోతు తక్కువ, గుడ్డు ముందుకు పొడుచుకొని ఉంటుంది. నిజానికి కంటి గాయాలు ఎక్కువగా అయ్యేది వీటికే, కానీ మామూలు గాగుల్స్‌కు ఆనుకోవడానికి వీటి ముఖం మీద ముక్కుదూలం ఉండదు. దానివల్ల అద్దం నేరుగా గుడ్డుకో, రెప్పవెంట్రుకలకో ఒరుసుకొని, ఏ గాయం కాకూడదని పెట్టామో అదే చేస్తుంది. ఈ జాతుల ముఖానికి తగ్గట్టు కొలిచి చేసినవి దొరికితేనే వాడాలి, లేకపోతే మానేయాలి.

రెండో మెట్టు: ముందు వైద్యుడికి చూపించడం

ఇప్పటికే ఎర్రబడిన కంటిమీద అద్దాలు పెట్టడం, కుళ్లిన పుండు మీద కట్టు కట్టి మరచిపోవడం లాంటిది. కుక్క ఒక కన్ను మూసి నడుస్తున్నా, చిక్కని పుసులు కడుతున్నా, నల్లగుడ్డు మీద నీలిపొర లాంటి మసక కనిపించినా కొనుగోలు ఆలోచన పక్కన పెట్టి ముందు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. అక్కడ జరిగే పరీక్షలు చిన్నవే. రెప్ప అంచున సన్నని కాగితపు ముక్క ఒక నిమిషం ఉంచి కన్నీరు ఎంత మేర పాకిందో చూస్తారు. 15 మిల్లీమీటర్లు దాటితే మామూలుగా సరిపోయినంత కన్నీరు ఉన్నట్టు. తర్వాత నారింజరంగు మందు చుక్క వేసి నీలికాంతిలో చూస్తారు. కార్నియా మీద గీత ఉంటే అది ఆకుపచ్చగా మెరుస్తుంది. కంటి కేసులను లోతుగా చూడాల్సి వస్తే రాజేంద్రనగర్, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రులు అందుబాటులో ఉన్నాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. ఇంట్లో ఎవరికో కలక వచ్చినప్పుడు వాడగా మిగిలిన చుక్కలు కుక్క కంట్లో వేయకూడదు. వాటిలో స్టెరాయిడ్ ఉండి, కుక్క కార్నియా మీద పుండు ఉంటే, ఆ పుండు రోజుల వ్యవధిలో లోతుకు దిగి గుడ్డుకే చిల్లుపడవచ్చు. పానస్‌కు వైద్యుడు రాసేది కూడా చాలాసార్లు స్టెరాయిడే. అదే మందు ఒక జబ్బులో కన్ను కాపాడి, ఇంకో జబ్బులో కన్ను తీసేస్తుంది కాబట్టే పరీక్ష ముందు, సీసా తర్వాత.

మూడో మెట్టు: అద్దం ఎంపిక

హెల్మెట్ కొనేటప్పుడు చూసినట్టు ఐఎస్ఐ గుర్తు చూసి తీసుకునే వస్తువు కాదిది, కనుక నాణ్యత మనమే పరీక్షించుకోవాలి. మొదట చూడవలసిన మాట 'యూవీ 400', అంటే 400 నానోమీటర్ల లోపు తరంగదైర్ఘ్యం ఉన్న అతినీలలోహిత కిరణాలను అద్దం ఆపుతుందని అర్థం. దాన్ని నమ్మాలో వద్దో తేల్చుకోవడానికి సులువైన దారి ఉంది: మన కళ్లజోళ్ల దుకాణాల్లో చాలాచోట్ల కిరణాలు కొలిచే చిన్న మీటరు ఉంటుంది, అద్దం తీసుకెళ్లి అడిగితే నిమిషంలో చూసి చెబుతారు.

ముదురు రంగు ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదు. కిరణాలను ఆపే గుణం లేని నల్లద్దం అసలు అద్దం లేకపోవడం కన్నా చెడ్డది, ఎందుకంటే దాని వెనుక చీకటికి కంటిపాప విచ్చుకొని మరిన్ని కిరణాలను లోపలికి రానిస్తుంది. ఇందుకు భిన్నంగా, పాలీకార్బొనేట్‌తో చేసిన తెల్లద్దం రంగు లేకపోయినా ఆ కిరణాల్లో అత్యధిక భాగాన్ని ఆపేస్తుంది, రాయి తగిలినా పగిలి పెంకులు కాదు. అందువల్ల ముల్లు, దుమ్ము కోసమైతే తెల్లద్దం, ఎండ, మంచు కోసమైతే పొగరంగు అద్దం తీసుకోవాలి. రెండూ మార్చుకునే వీలున్న చట్రమైతే మరీ మంచిది. కుక్కకు ప్రధానంగా కనిపించేవి నీలం, పసుపు ఛాయలే కాబట్టి, ఊదా, గులాబీ అద్దాల మధ్య తేడా మన కంటి సరదా కోసమే.

చట్రానికి లోపలివైపు మెత్తని నురుగు అంచు ఉండాలి, పక్కల గాలి ఆడే సన్నని రంధ్రాలు ఉండాలి. రంధ్రాలు లేకపోతే మన ఉక్కపోతలో అయిదు నిమిషాలకే అద్దం మసకబారుతుంది, దారి కనబడని కుక్క బెదురుతుంది. కుక్క తల తిప్పకుండానే సుమారు 240 డిగ్రీల మేర చూడగలదు; ఇరుకు చట్రం ఆ పక్కచూపును కోసేస్తుంది, కనుక పక్కలకు వంగిన పెద్ద అద్దమే మేలు.

ఒక్క మాట: కొన్ని క్లినిక్కుల్లో కీళ్లనొప్పులకు లేజర్ చికిత్స చేసేటప్పుడు కుక్కకు తొడిగే అద్దాలు వేరు. అవి ఆ యంత్రపు తరంగదైర్ఘ్యానికి సరిపోయేలా తయారవుతాయి. ఇంట్లోని ఎండద్దాలు అక్కడ పనికిరావు.

నాలుగో మెట్టు: కొలతలు

జాతి పేరు చెప్పి సైజు తీసుకుంటే తప్పిపోయే అవకాశమే ఎక్కువ. ఒకే ఈత ల్యాబ్రడార్లలోనే మగదాని తల, ఆడదాని తల వేరుగా ఉంటాయి. దర్జీ టేపుతో మూడు కొలతలు తీసుకోండి: చెవుల ముందు నుంచి గదమ కింది దాకా తల చుట్టూ ఒకటి, కళ్లకు కాస్త దిగువన మూతి చుట్టూ రెండోది, రెండు కళ్ల బయటి మూలల మధ్య దూరం మూడోది. కుక్క నోరు తెరచి ఒగరుస్తున్నప్పుడు మూతి కొలత మళ్లీ తీసి, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. కుక్క ఒంటి వేడిని బయటికి పంపేది ప్రధానంగా ఒగర్చడం ద్వారానే కనుక, దవడ కింది పట్టీ నోటిని బిగించే అద్దాలు మన ఎండల్లో ప్రమాదకరం.

జత చేతికి వచ్చాక కుక్కను వెలుతురులో కూర్చోబెట్టి చూడండి. రెప్ప కొట్టినప్పుడు వెంట్రుకలు అద్దానికి తగలకూడదు. నురుగు అంచు కంటిగుంట చుట్టూ ఎముక మీద ఆనాలి తప్ప రెప్ప మీద కాదు. ప్రతి పట్టీ కింద ఒక వేలు సులువుగా దూరాలి. పది నిమిషాల తర్వాత విప్పి చూస్తే బొచ్చు నలిగి ఉండవచ్చు, చర్మం మీద ఎర్రని గాటు మాత్రం పడకూడదు.

అయిదో మెట్టు: అలవాటు చేయడం

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. కొత్త అద్దాలు వచ్చిన రోజే తొడిగి, కుక్క వెనక్కి వెనక్కి నడుస్తూ ముంగాలితో వాటిని లాగేసుకుంటుంటే ఇంటిల్లిపాదీ నవ్వుకోవడం చాలా ఇళ్లలో జరిగేదే. ఆ రోజు అది నేర్చుకున్న పాఠాన్ని మరిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. కాబట్టి తొందర అక్కర్లేదు. రోజుకు రెండు పూటలా, మూడేసి నిమిషాలు, ఆకలిగా ఉన్న వేళ, ఉడికించిన చికెన్ ముక్కల వంటి దానికి బాగా ఇష్టమైన తిండితో మొదలుపెట్టండి.

మొదటి రెండు రోజులు అద్దాలు నేలమీద ఉంచి, కుక్క వాటిని వాసన చూసిన ప్రతిసారీ ఒక ముక్క ఇవ్వండి. వెల్క్రో పట్టీ ఉంటే దాన్ని దూరంగా, మెల్లగా విప్పుతూ ముక్క వేయండి. ఆ చరచర శబ్దానికే బెదిరే కుక్కలు చాలా ఉన్నాయి, ఆ శబ్దం చెవి పక్కనే రావడం మరీ దారుణం.

తర్వాత పట్టీని మాత్రమే మెడపట్టీలా మెడకు వదులుగా వేసి ఇంట్లో తిరగనివ్వండి. అది పట్టించుకోవడం మానేశాక, అద్దాలు ఊడదీసిన ఖాళీ చట్రాన్ని ఎడమచేత్తో పట్టుకొని, దాని వెనుక నుంచి కుడిచేత్తో తిండి చూపించండి. కుక్క తనంతట తానే మూతిని చట్రంలోకి దూర్చి ముక్క అందుకోవాలి. మనం చట్రాన్ని దాని ముఖం మీదికి తీసుకెళ్లకూడదు, అదే ముఖాన్ని చట్రంలోకి తీసుకురావాలి. ఈ ఒక్క సూత్రం తప్పితే మిగిలిన శ్రమంతా వృథా. దర్వాజాలో కొత్తకోడలు కాలు పెట్టినంత నెమ్మదిగా జరిగినా సరే, ఈ అడుగు దాటవేయకండి.

మూతి పెట్టడం అలవాటయ్యాక ఒక క్షణం, మూడు క్షణాలు, పది క్షణాలు అలాగే ఉంచనిస్తూ ముక్కలు వరసగా ఇవ్వండి. పట్టీ బిగించడం ఆ తర్వాతే. అద్దాలు బిగించాల్సి వచ్చినప్పుడు ముందు తెల్లవే పెట్టండి, ఎందుకంటే ఉన్నట్టుండి లోకం చీకటి కావడం కుక్కకు భయం. పట్టీ బిగించిన మరుక్షణం కూర్చోబెట్టి చూడకుండా, తాడు పట్టుకొని నడక మొదలుపెట్టండి, లేదా దానికి ఇష్టమైన బంతి విసరండి. కూర్చున్న కుక్క ధ్యాస ముఖం మీద ఉంటుంది, నడిచే కుక్క ధ్యాస వాసనల మీద ఉంటుంది.

మధ్యలో పెదవులు నాకడం, పదేపదే ఆవులించడం, తల పక్కకు తిప్పుకోవడం, కట్టెలా బిగుసుకుపోవడం కనిపిస్తే అది ఇబ్బంది పడుతోందని అర్థం. వెంటనే ముందటి మెట్టుకు వెనక్కి వెళ్లండి. ముంగాలితో లాగితే మొదట నొప్పి ఏమైనా ఉందేమో కన్ను, చర్మం చూడండి. ఏమీ లేకపోతే తాడు సున్నితంగా కదిపి నాలుగడుగులు నడిపించి, అది నెమ్మదించిన క్షణంలో మీరే విప్పండి. లాగినప్పుడల్లా విప్పితే, లాగడమే విప్పించుకునే మార్గమని అది నేర్చుకుంటుంది. తిట్టడం, చెయ్యెత్తడం ఈ పనిలో అసలు పనికిరావు. హుషారైన కుక్కపిల్లకు పది రోజులు చాలవచ్చు; ముఖం ముట్టుకోనివ్వని పెద్ద కుక్కకు నెలన్నర పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. కొన్ని ఎప్పటికీ ఒప్పుకోవు. అప్పుడు నడక వేళలు తెల్లవారుజాముకు, పొద్దుగూకిన తర్వాతకు మార్చడమే దారి, పానస్ ఉన్న కుక్కకైనా సరే.

ఆరో మెట్టు: బయట వాడకం

మొదటి వారం తెలిసిన దారిలోనే, పది పదిహేను నిమిషాలకు మించకుండా వాడండి. పానస్ చుక్కలు వేస్తుంటే మందు కంట్లో ఇంకడానికి పావుగంట ఇచ్చి అప్పుడు అద్దాలు తొడగాలి, లేకపోతే మందు అద్దానికీ నురుగుకూ అంటుతుంది. నీడలోకి, ఇంట్లోకి రాగానే పొగరంగు అద్దాలు తీసేయండి. మెట్లు దిగేటప్పుడు అవి ఉండకూడదు. వేరే కుక్కలతో కలబడి ఆడేటప్పుడు కూడా తీసేయాలి, పట్టీలో పన్నో గోరో చిక్కుకుంటే రెండింటికీ గాయమవుతుంది. కుక్కను ఒంటరిగా వదిలి అద్దాలు ఉంచడం ఎన్నడూ చేయవద్దు, నమిలి మింగే ప్రమాదం ఉంది.

కళ్లద్దాలు ఉన్నాయి కదా అని మే నెల మిట్టమధ్యాహ్నం బయటికి తీసుకెళ్లడం మరో పొరపాటు. కన్ను చల్లగా ఉన్నా తారురోడ్డు మీద అరికాళ్లు బొబ్బలెక్కుతాయి, వడదెబ్బ తగులుతుంది. శుక్లం ఆపరేషనో, మరే కంటి శస్త్రచికిత్సో జరిగిన కుక్కకు మెడచుట్టూ వేసే గరాటు తీసేసి దాని స్థానంలో అద్దాలు పెట్టే నిర్ణయం వైద్యుడిదే. చూపు పూర్తిగా పోయిన కుక్క గోడలకు, కుర్చీలకు తగలకుండా ఉండాలంటే అద్దాల కన్నా తలచుట్టూ వలయంలా నిలిచే తేలికపాటి పట్టీ ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఏడో మెట్టు: శుభ్రత, రోజువారీ తనిఖీ

అద్దాన్ని ముందు నీటిధార కింద కడిగి ఇసుకను పోగొట్టాలి, ఆ తర్వాతే ఒక చుక్క తేలికపాటి సబ్బుతో రుద్ది మెత్తని గుడ్డతో ఒత్తాలి. పొడిగా చొక్కా అంచుతో తుడిస్తే అంటిన దుమ్మే గీతలు పెడుతుంది. శానిటైజర్, గాజు తుడిచే ద్రావకాలు అద్దం పైపూతను పాడుచేస్తాయి. నురుగు అంచును నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. వానాకాలంలో తడి నురుగుకు బూజు పట్టి, అదే చర్మం దురదకు మూలమవుతుంది. కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే ఎండకు చట్రం వంగిపోతుంది. చూపుకు అడ్డంగా గీత పడిన అద్దాన్ని మార్చేయండి.

ప్రతిసారీ విప్పిన తర్వాత ఒక నిమిషం కళ్లు చూసే అలవాటు చేసుకోండి. కింది రెప్పను కొంచెం లాగి ఎరుపు, నీరు, నలుసు ఉన్నాయేమో చూడాలి. నలుసు కనిపిస్తే సెలైన్‌తోనో, శుభ్రమైన మంచినీటితోనో కడగండి, వేలితో తీయబోవద్దు. కారం పడితే పది పదిహేను నిమిషాలు ఆపకుండా నీళ్లు పోయాలి. ముల్లు గుచ్చుకొని నిలిచి ఉంటే దాన్ని లాగకుండా, కుక్క రుద్దుకోకుండా పట్టుకొని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కన్ను మూసుకొనే ఉన్నా, గుడ్డు మసకబారినా ఆ రోజే చూపించాలి, రేపటికి వాయిదా వేయకూడదు. పగ్ వంటి కుక్కల్లో కొట్లాటల వేళ గుడ్డు రెప్పల బయటికి వచ్చేస్తుంటుంది. దాన్ని లోపలికి నెట్టే ప్రయత్నం చేయకుండా, సెలైన్‌లో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, ఆ తడి ఆరనివ్వకుండా వెంటనే బయలుదేరండి.